చెఱువునుండి సంద్రమునకు



చెఱువులో పడవ నడిపినవాడు సముద్రములో నడుపగలడా? మన సంఘములోని యువకులు కొందఱు తఱచుగా నడుగుచున్న ప్రశ్న యిది. మన పెద్దలు గడను, తెడ్డును, వలను నమ్ముకొని బ్రదికినవారు. తెలంగాణపు చెఱువులలో గంగపుత్రులు, బెస్తలు; కృష్ణా గోదావరుల మొగలయందు అగ్నికులక్షత్రియులు, పల్లెకారులు; ఉత్తరపు తీరమున జాలరులు, వాడబలిజలు. పేర్లు వేఱైనను అందఱికిని నీరే పొలము. నేడు వారి సంతానములో ననేకులు మాదాపూర్ కార్యాలయములలో కంప్యూటరు ముందు కూర్చుండి జీవనము గడుపుచున్నారు. వారిలో కొందఱికి సెలవు దినములందు తెఱచాప పడవ నడపుట వేడుకయైనది. చెఱువున చేయి తిరిగిన పిమ్మట ఏ నీటికి పోవలెనన్న ఆలోచన పుట్టుట సహజమే గదా.

ఆ ప్రశ్నకు చరిత్రనుండి సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. చెప్పదలచిన మాట యొక్కటి. చెఱువునకును సముద్రమునకును నడుమ కొన్ని మెట్లు కలవు. ఆ మెట్లు చెడక నిలిచియున్న కాలములందు తెలుగువారు దూరదేశములకు పోయి క్షేమముగా తిరిగి వచ్చిరి. మెట్లు తెగిన కాలమున ఒడ్డున నిలిచిపోయిరి. మెట్టు నెఱుగక దుమికినప్పుడు ప్రాణములు పోయినవి.

చెఱువు నేర్పునది

మాదాపూరునకును జూబిలీ హిల్సునకును నడుమ రాతిగుట్టల మధ్య దుర్గం చెఱువు కలదు. కుతుబ్‌షాహీల కాలమున ఇది గోలకొండ దుర్గమునకు త్రాగునీరిచ్చిన చెఱువు. 2020 సెప్టెంబరులో దీనిపై తీగల వంతెన తెఱవబడినది. ఒకప్పుడు కోటలోని వారి దప్పి తీర్చిన నీటిమీద నేడు విహారపు పడవలు తిరుగుచున్నవి. ఇచ్చటికి కొలది దూరమున హుస్సేన్‌సాగరము కలదు. అది ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణమున త్రవ్వబడినది. సముద్రమునకు మూడువందల కిలోమీటర్ల దూరముననున్న ఈ సాగరముపై సికిందరాబాదులోని సైనికుల ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషను చిరకాలముగా తెఱచాప పడవల పందెములు నడపుచున్నది. 2009లో శ్రీ సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదకుటుంబముల బాలబాలికలకు గూడ ఈ విద్య నేర్పుచున్నది. ఇచ్చట నేర్చిన పిల్లలు దేశపు పోటీలలో నిలిచి గెలుచుట మనకు గర్వకారణము.

చెఱువును చిన్నచూపు చూడరాదు. గుట్టలును మేడలును చుట్టియున్న నీటిపై గాలి యొక దిక్కున నిలువదు, క్షణక్షణమునకు మాఱుచుండును. కావున చెఱువులో నేర్చినవాని చేయి చుఱుకుగా నుండును. రెండు మీటర్లకు కొంచెము పైబడిన ఆప్టిమిస్టు పడవలో బాలుడు, నాలుగు మీటర్ల లేజరు పడవలో యువకుడు, ఒంటరిగా చుక్కానిని, తెఱచాపను చూచుకొనవలయును. బోల్తాపడిన పడవను తానే నిలువబెట్టుకొనవలయును. మన తాతలు వెదురుతో నల్లిన గుండ్రని పుట్టిలో నిలిచి ఒకచేత తెడ్డు, ఒకచేత వల పట్టి నేర్చినదియు ఈ సమతూకమే.

అయినను చెఱువు నేర్పజాలనివి కలవు. చెఱువులో ప్రవాహము లేదు. పోటు పాటులు లేవు. ఎటు చూచినను ఒడ్డు కనబడుచుండును. ప్రొద్దు వాలినచో ఇల్లు చేరవచ్చును. దప్పియైన నిమిషములలో నీరు దొరకును. ఇవన్నియు లేని నీటికి పోవువానికి చెఱువు విద్య పునాది మాత్రమే యగును. గోడలు వేఱుగా కట్టుకొనవలయును.

పూర్వులు పోయిన త్రోవ

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు వర్తకుడు ఎఱ్ఱసముద్రమునుండి మన దేశమువఱకు గల రేవులను వర్ణించి యొక గ్రంథము వ్రాసెను. దానిపేరు పెరిప్లస్. తూర్పుతీరపు రేవులను గూర్చి చెప్పుచు నతడు మూడు విధములైన నావలను పేర్కొనెను. ఒడ్డు విడువక తిరుగు నావలు మొదటివి. ఒంటిమ్రాను దుంగలను జతపఱచి కట్టిన సంగరములు రెండవవి. సువర్ణభూమికిని గంగాముఖమునకును పోవు పెద్ద ఓడలు మూడవవి. అతడు పేర్కొన్న మసాలియా మన కృష్ణాతీరమే యని పండితులు నిర్ణయించిరి. ఈ మూడును ఒకే తీరమున ఒకే కాలమున నుండుట గమనింపదగినది. చిన్ననావ నేర్పినది పెద్దనావకు పనికి వచ్చెను. ఆ కాలమునకు కొంచెము పిమ్మట వాసిష్ఠీపుత్ర పులమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రించిన నాణెములపై రెండు స్తంభముల ఓడ కనబడుచున్నది. దక్కను పీఠభూమిలో పుట్టిన రాజవంశము తన నాణెముపై ఓడను వేయించుకొన్నదనిన, నేల నడుమనున్నవారికి నీటి త్రోవ తెలిసెనని యర్థము. టాలమీ పేర్కొన్న కొంటకొస్సిల నేటి ఘంటసాలయని చరిత్రకారులు చెప్పుదురు.

కాకతీయుల కాలము ఇంతకంటె స్పష్టముగా మన విషయమునకు సాక్ష్యమిచ్చుచున్నది. పాకాల, రామప్ప వంటి మహాతటాకములు గణపతిదేవుని ఏలుబడిలో నేర్పడినవి. ఆ రాజే 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము తుపానునకు చెడి ఒడ్డునబడిన ఓడలలోని సరకునెల్ల రాజులు బలవంతముగా హరించెడివారు. గణపతిదేవుడు ప్రాణములకు తెగించి సముద్రము దాటువారిపై దయతలచి, నియమితమైన సుంకముమాత్రము గైకొని తక్కినదెల్ల వారికే విడుతునని ప్రకటించెను. దీనివలన దూరప్రయాణమునకు నావయు నావికుడును చాలరనియు, ప్రమాదమున ఆదుకొను న్యాయము తీరమున నుండవలెననియు ఆ ప్రభువు గ్రహించెనని తెలియుచున్నది. చెఱువును కట్టించిన చేయియే రేవును కాపాడెను. రుద్రమదేవి కాలపు మోటుపల్లిని మార్కోపోలో ప్రశంసించెను.

గోలకొండ సుల్తానుల కాలమున ఈ త్రోవ మఱింత పొడవైనది. కోట రాళ్లగుట్టపై నున్నను వారి కన్ను మచిలీపట్టణముపై నుండెను. డచ్చివారు 1606 ప్రాంతమున, ఆంగ్లేయులు 1611లో అచ్చట వర్తకశాలలు పెట్టిరి. సుల్తానుల ఓడలును, మంత్రియైన మీర్ జుమ్లా ఓడలును మచిలీపట్టణమునుండి పారసీక తీరమునకును బర్మా తీరమునకును పోయెడివి. నైరుతి గాలి ఓడలను తూర్పునకు గొనిపోవును. ఈశాన్యపు గాలి మరల తెచ్చును. ఈ రెండు గాలుల గడువునెఱిగి బయలుదేఱుటయే ఆనాటి నావికశాస్త్రము. నరసాపురము, మాధవాయపాలెములయందు మన వడ్రంగులు కట్టిన, బాగుచేసిన ఓడలను ఆంగ్లేయులు సహితము వాడుకొనిరి. మేకులు లేక నారతో కుట్టిన మాసుల పడవను మన తీరవాసులు నడపిరి. అలతాకిడికి బిగుసుకొనక సాగుటయే దాని బలము. మేకులతో బిగించిన విదేశపు పడవలు ఆ అలలలో పగిలిపోగా, పెద్ద ఓడల సరకును జనమును ఒడ్డునకు దింపుటకు ఈ కుట్టుపడవయే దిక్కయ్యెను.

ఆ పిమ్మట గోదావరి మొగయందలి కోరంగి వృద్ధినొందెను. అచ్చట కట్టిన దోనెలు బంగాళాఖాతమును దాటి రంగూనునకు పోయెడివి. తెలుగువారిని బర్మావారు కోరంగీలని పిలుచుటకు ఈ రేవే కారణము. 1839 నవంబరు 25న వచ్చిన పెనుతుపాను కోరంగిని ముంచివేసెను. అయినను ఆ పరిసరములందలి తాళ్ళరేవున కొయ్య ఓడలు కట్టు విద్య నశింపలేదు.

మెట్లు తెగిన విధము

పందొమ్మిదవ శతాబ్దము నడుమ మనకొక మంచి యవకాశము గలిగెను. సర్ ఆర్థర్ కాటన్ దొర 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరము ఆనకట్టను కట్టించెను. ఆయన కాలువలు సేద్యమునకు మాత్రమేగాక పడవలకును పనికివచ్చునట్లు త్రవ్వబడినవి. కాకినాడనుండి ఏలూరు, బెజవాడల మీదుగా బకింగుహాము కాలువలో ప్రవేశించి మదరాసువఱకు నీటిమీదనే పోవుటకు త్రోవయేర్పడెను. గోదావరిని పైకి భద్రాచలము దాటి దుమ్ముగూడెమువఱకును, ఇంకను పైకిని నౌకాయోగ్యము చేయవలెనని కాటన్ తలచెను. వ్యయము పెరిగినదని 1871లో ఆ పనిని విడిచిరి. నేల నడుమనున్న తెలంగాణమును సముద్రముతో కలుపగల నీటి త్రోవ అక్కడనే ఆగిపోయెను.

ఆమీద ఇనుపదారి వచ్చెను. రాజమహేంద్రవరమున గోదావరిపై వంతెన 1900లో తెఱవబడెను. సరకు రైలెక్కెను, కాలువలు క్రమముగా పూడెను. తెఱచాప ఓడ స్థానమున పొగయోడ వచ్చెను. రంగూనునకు మునుపు నావికులుగా పోయిన తెలుగువారు ఇప్పుడు కూలీలుగా, డెక్కుమీది ప్రయాణికులుగా పోజొచ్చిరి. మన వారు సముద్రము దాటుట మానలేదు. సముద్రమును నడపుట మానిరి. 1942లో జపానువారు బర్మాను ఆక్రమింపగా ఆ రాకపోకలును తెగినవి. జాలరి తీరమునకు, బెస్త చెఱువునకు, పడవ సరంగు నదికి పరిమితులైరి. ఒకరి విద్య ఒకరికి అందక పోయెను. ఈ విభజనయే మన నష్టమునకు మూలము.

తారిణి

తెగిన మెట్లను మరల కట్టిన నిదర్శనమొకటి మన కాలముననే కలదు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి భారత నౌకాదళమునకు చెందిన తారిణి యను తెఱచాప నావ బయలుదేఱెను. దాని పొడవు పదునేడు మీటర్లు. అందున్న ఆర్గురును స్త్రీలే. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకురాలు. ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, ఎస్. విజయాదేవి, బి. ఐశ్వర్య, పాయల్ గుప్తా సహచరులు. వీరిలో స్వాతి విశాఖపట్టణమునకు, ఐశ్వర్య హైదరాబాదునకు చెందినవారు. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండులోని లిటిల్టన్, ఫాక్‌లండు దీవులలోని పోర్టు స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను రేవులలో ఆగి, 2018 మే 21న వారు గోవా చేరిరి. మొత్తము 254 దినములు. సుమారు 21,600 నాటికల్ మైళ్లు, అనగా 40,000 కిలోమీటర్లు. పసిఫిక్ సముద్రమున గంటకు నూఱు కిలోమీటర్లను మించిన గాలిని వారు తట్టుకొనిరి. 2018 జనవరిలో కేప్ హార్న్ అగ్రమును చుట్టివచ్చిరి. తిరుగుదారిలో చుక్కాని యంత్రము చెడగా మారిషసులోని పోర్టు లూయీలో ఆగి బాగుచేయించుకొని సాగిరి.

మనము నేర్వవలసినది ఈ విజయముకంటె దానికి ముందు జరిగిన సాధన. వారు మొదటనే మహాసముద్రమున దుముకలేదు. భూమిని ఒంటరిగా చుట్టివచ్చిన మొదటి భారతీయుడు కెప్టెన్ దిలీప్ దోందేయొద్ద శిక్షణ పొందిరి. మ్హాదేయి యను నావలో 2016 ఫిబ్రవరిలో విశాఖపట్టణమునుండి గోవాకు తీరము వెంబడి వచ్చిరి. ఆ యేడే మారిషసునకు పోయి వచ్చిరి. డిసెంబరులో కేప్‌టౌనునకు పోయిరి. 2017లో తారిణిపై మరల మారిషసునకు పోయిరి. ఇట్లు ఇరువదివేల నాటికల్ మైళ్లకు పైగా సాధన చేసినపిమ్మట గాని భూప్రదక్షిణమునకు పూనుకొనలేదు. ప్రతి ప్రయాణమును మునుపటిదానికంటె కొంచెము దూరము. ప్రతిసారియు తిరిగివచ్చి లోపములు దిద్దుకొనుట. చిన్ననావనుండి పెద్దనావకు పోయిన పూర్వుల త్రోవయే ఇది.

కచ్చులూరు

మెట్టు నెఱుగని దానికిని ఒక నిదర్శనము చెప్పక తప్పదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారమునకు పోవుచున్న పడవ కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగెను. ఏబదిమందికి పైగా మరణించిరి. అందు హైదరాబాదు, వరంగల్లు ప్రాంతములవారు పెక్కుమంది యుండిరి. చెఱువునీరు, వరదనీరు చూపునకు ఒకటిగనే యుండును. కాని ఇరుకైన కొండల నడుమ వరదనీరు సుడులు తిరుగును, యంత్రబలమును లెక్కచేయదు. నీరు పెరిగినప్పుడు ఒడ్డున నిలిచిపోవుటయు నావిక విద్యలో భాగమే.

మునిగిన ఆ పడవ చాలదినములు నదీగర్భముననే యుండెను. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము లంగరులను, ఉక్కుతాళ్లను దింపి, పడవను పట్టి, అక్టోబరు 22న పైకి లాగెను. రేవున పనిచేసి పెరిగిన వారి అనుభవము ఆనాడు అక్కఱకు వచ్చెను. ఇట్టి విద్య పుస్తకములలో లేదు; అది తెలిసిన పెద్దలతో పోవుచున్నది.

ముందు త్రోవ

ఇక యువకుల ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. చెఱువులో నడిపినవాడు సముద్రములో నడుపగలడు; కాని త్రోవ ఇది.

మొదటి మెట్టు చెఱువు. ఈత, బోల్తాపడిన పడవను లేపుట, గాలి దిక్కు తెలియుట ఇక్కడ నేర్వవలయును. రెండవది నాగార్జునసాగరము వంటి పెద్ద జలాశయము. అచ్చటినుండి శ్రీశైలమునకు కృష్ణలోయలో లాంచీ త్రోవ నూఱు కిలోమీటర్లకు పైబడి యున్నది. ప్రవాహము తక్కువ, దూరము ఎక్కువ. దినమంతయు నీటిపై నుండుటకు కావలసిన అన్నము, నీరు, ఇంధనము లెక్కించుకొనుట అచ్చట తెలియును. మూడవది నది. 2008లో భారత ప్రభుత్వము ప్రకటించిన నాలుగవ జాతీయ జలమార్గములో భద్రాచలమునుండి రాజమహేంద్రవరమువఱకు 171 కిలోమీటర్ల గోదావరియు, వజీరాబాదునుండి విజయవాడవఱకు 157 కిలోమీటర్ల కృష్ణయు చేరియున్నవి. వరద తీసినపిమ్మట, ఆ నదినెఱిగిన సరంగును వెంటగొని పోవలయును. ఇసుకతిన్నెలు ఏటేట చోటు మాఱును. నిరుటి త్రోవ ఈయేడు ఉండదు.

నాలుగవ మెట్టు నదీముఖము. కోరంగి మడయడవులలో పోటు పాటుల లెక్క తెలియును. కాకినాడ సముద్రము హోప్ దీవియను ఇసుకదిబ్బ చాటున నుండుటచే పెద్ద అలలు రావు. ఉప్పునీటిలో మొదట అడుగిడువానికి ఇంతకంటె మేలైన చోటు మన తీరమున అరుదు. అయిదవది కాకినాడనుండి విశాఖపట్టణమువఱకు గల తీరము. అచ్చట రాత్రి ప్రయాణము, దీపస్తంభముల గుర్తులు, ఒడ్డు వైపునకు త్రోయు గాలినుండి తప్పించుకొనుట నేర్వవలయును. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము కనుక విడువవలయును. ఆఱవది మహాసముద్రము. అక్కడ ఇంటికి మరలుట చేతిలో లేదు. చెడినదానిని బాగుచేసికొను నేర్పు, వంతులు వేసికొని మేలుకొను ఓర్పు, తోటివారితో సఖ్యత, ఇవియే రక్ష.

సంఘము చేయవలసినది

ఈ మెట్లను నిలుపుట ఒక్కని వలన కాదు. మొదటిది, చెఱువులను కాపాడుట. నగరము పెరిగినకొలది చెఱువు శిఖములలో ఇండ్లు లేచినవి, మురుగు చేరినది. 2024లో ప్రభుత్వము హైడ్రాయను సంస్థను స్థాపించి ఆక్రమణల నరికట్ట పూనుకొన్నది. ప్రభుత్వము చేయునది ప్రభుత్వము చేయనిండు; చెఱువుతో వంశపారంపర్యమైన సంబంధముగల మనము దాని హద్దులను, తూములను, పేర్లను ఎఱిగి సాక్ష్యము పలుకవలయును. చెఱువు పోయినచో మనకు జీవనమే కాదు, మొదటి పాఠశాలయు పోవును.

రెండవది, తీరమునందలి వృద్ధ తండేళ్లను, సరంగులను ఈ మహాసభలకు సగౌరవముగా ఆహ్వానించి, వారు గాలికి, నీటికి, చేపకు, నక్షత్రమునకు వాడు మాటలను వ్రాసి పెట్టుట. కంప్యూటరు నేర్చిన మన పిల్లలు ఈ పనిని సులభముగా చేయగలరు. మూడవది, ఏటేట కొందఱు బాలబాలికలను ఎన్నుకొని, ఈత మొదలుకొని తీరప్రయాణమువఱకు మెట్టువెంట మెట్టు నేర్పించుటకు వేతనములిచ్చుట. దాతలైన పోషకమహాశయులు వసతిగృహములకు, కల్యాణమండపములకు ఉదారముగా ఇచ్చుచున్నారు. ఒక బాలికకు ప్రాణరక్షణ కవచమును, ఒక చిన్నపడవను, ఒక మంచి గురువును సమకూర్చుట అంతకంటె తక్కువ పుణ్యము కాదు. హైదరాబాదు ఆడుబిడ్డ కేప్ హార్న్ చుట్టివచ్చిన పిమ్మట ఇది మనవలన కాదనుటకు తావు లేదు.

నేల నడుమ పుట్టితిమను విచారము మనకు వలదు. నాణెముపై ఓడ వేయించిన శాతవాహనులును, మోటుపల్లి రేవును కాపాడిన కాకతీయులును నేల నడుమనుండి వచ్చినవారే. నీరు నీటిని చేరును. చెఱువు నిండి అలుగు పాఱును. అలుగు వాగునకు, వాగు నదికి, నది సంద్రమునకు పోవును. ఆ నీరు ఏ మెట్టునకు ఆ మెట్టున ఆగి నిండి, పిమ్మటనే ముందునకు సాగును. మన బిడ్డలును అట్లే సాగుదురుగాక.